ఎనభై ఏడో వంతు రైలు

బొమ్మ రైలు సెట్టు కొని ఇంటికి తెచ్చినవాళ్ళు పట్టాలు బిగించి, రెండు చుట్లు తిప్పాక అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. కిటికీ ఊచల దాకా అన్నీ కుదిరాయి కదా, మరి ఇది రైలులా ఎందుకు పోవడం లేదు? నాబ్ తిప్పగానే చెంగున ఉరుకుతుంది. కరెంటు తీస్తే ఉన్నచోటే బిగుసుకుపోతుంది. మలుపులో పెట్టెలు ఒరిగి పడతాయి. నిలబెట్టి ఫొటో తీస్తే చూసినవాళ్ళు ఇది ఏ స్టేషనని అడుగుతారు. కదిలిందంటే మాత్రం పిల్లల ఆటవస్తువే.

హైదరాబాద్ గౌలిగూడలో ఈ ప్రశ్న అడిగేవాళ్ళను మభ్యపెట్టడం కష్టం. ఒకవైపు నాంపల్లి, ఇంకోవైపు కాచిగూడ. రెండు స్టేషన్ల నడుమ పెరిగినవాళ్ళకు అసలు బండి నడక చెవులతోనే తెలిసిపోతుంది. ఈ పేటకు రైల్వేతో ఒక పాత చుట్టరికం కూడా ఉంది. 1932లో నిజాం రాజ్యంలో సర్కారు బస్సులు మొదలైనప్పుడు వాటిని నడిపింది రైల్వేవాళ్ళే. నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా విభాగం పెట్టి, 27 బస్సులతో ప్రారంభించారు. తర్వాత దశాబ్దాల పాటు బస్సులకు నీడనిచ్చిన గౌలిగూడ ఇనుప హ్యాంగర్ 2018 జులైలో కూలిపోయింది. ఇక జనవరి వచ్చిందంటే నుమాయిష్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే చిన్న రైలు సంగతి చెప్పనక్కర్లేదు.

బొమ్మ రైలును విప్పి మార్చుకునే సరదాకు కావలసిన సరంజామా కూడా ఈ చుట్టుపక్కలే ఉంటుంది. ఆటవస్తువులకు బేగంబజార్, తీగలకూ స్క్రూలకూ ట్రూప్‌బజార్, మోటార్లకూ ఎల్‌ఈడీలకూ కోఠీ గుజరాతీ గల్లీ. గురువారం జుమ్మేరాత్ బజార్‌కు వెళ్తే పాత టేప్ రికార్డర్లు, సీడీ ప్లేయర్లు కుప్పల్లో దొరుకుతాయి. వాటి కడుపులో ఉండే చిన్న మోటార్లు మనకు పనికొస్తాయి. మంచి నమూనా రైళ్ళు చాలావరకు దిగుమతి సరుకు. జర్మనీ ఇంజన్లు, అమెరికా ఇంజన్లు దొరికినంత సులువుగా మన ఇంజన్లు దొరకవు, దొరికినా ఖరీదెక్కువ. అందుకే మన దేశంలో ఈ సరదా ఉన్నవాళ్ళు కొనడం కంటే కోయడం, అతకడం ముందు నేర్చుకుంటారు. దీనికి ఒక వెసులుబాటు కూడా ఉంది. 1962లో మన పట్టాలెక్కిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ అమెరికాలోని ఆల్కో కంపెనీ రూపకల్పన. కాబట్టి ఆల్కో ఇంజన్ నమూనా ఒకటి సంపాదించి, ముక్కు కోసి, క్యాబ్ మార్చి, బఫర్లు తగిలిస్తే కాజీపేట షెడ్డు ఇంజన్‌కు దగ్గరగా వస్తుంది.

రూపం దగ్గరకొస్తుంది గాని నడక రాదు. రైలును ఎనభై ఏడో వంతుకు కుదించగలం. రైలు ఏ ప్రకృతి నియమాలకు లోబడి నడుస్తుందో వాటిని కుదించలేం. ఇంట్లో బల్ల ముందు కూర్చుని బొమ్మ రైలును విప్పి, బరువు పెట్టి, తీగలు మార్చేవాళ్ళు చేసే పనంతా ఈ తేడాను సర్దుకోవడమే. ఏ కొలతలో అబద్ధమాడితే కంటికి నిజమనిపిస్తుందో వెతుక్కోవడమే.

బరువు ఎక్కడికి పోయింది?

ఎనభై ఏడు అనే లెక్క ఎక్కడిది? అసలు రైలులో ఒక అడుగు ఉన్నచోట నమూనాలో మూడున్నర మిల్లీమీటర్లు వేస్తే వచ్చే నిష్పత్తి అది. దాన్ని హెచ్‌ఓ కొలత అంటారు. ప్రపంచంలో ఎక్కువమంది వాడేది ఇదే. మన పాత నీలం రంగు ఐసీఎఫ్ పెట్టె పొడవు 21.34 మీటర్లు. హెచ్‌ఓ కొలతలో అది 24.5 సెంటీమీటర్లవుతుంది, అంటే స్కూలు స్కేలు కంటే కొంచెం పొట్టి.

పొడవు 87వ వంతయింది. వెడల్పు కూడా 87వ వంతు. కాబట్టి నేల వైశాల్యం 87ను 87తో గుణించినంత, అంటే 7,569వ వంతుకు పడిపోతుంది. ఎత్తు కూడా తగ్గింది కనక ఘనపరిమాణం 6,58,503వ వంతు. బరువు ఘనపరిమాణం వెంట నడుస్తుంది. డబ్ల్యూడీఎం-2 ఇంజన్ బరువు 112.8 టన్నులు. దాన్ని ఆరున్నర లక్షలతో భాగిస్తే 171 గ్రాములు! నేల కంపించేలా వెళ్ళే ఇంజన్, కొలత ప్రకారం చేస్తే, చేతిలో పట్టుకునే ఫోనంత కూడా తూగదు. నలభై టన్నుల పెట్టె అయితే 61 గ్రాములు.

మరి 61 గ్రాముల పెట్టెతో బండి నడుస్తుందా? నడవదు. అమెరికాలో 1935 నుంచి ఉన్న నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ హెచ్‌ఓ పెట్టెల బరువు ఎంత ఉండాలో ఒక సూచన ఇచ్చింది: ముందు ఒక ఔన్సు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు. ఆ లెక్కన మన ఐసీఎఫ్ పెట్టెకు 165 గ్రాములు కావాలి. అసలు నిష్పత్తికి రెండున్నర రెట్లు పైమాటే. ఇది తప్పుడు తూకమని తెలిసే పెట్టిన తూకం.

కారణం పట్టాల అతుకుల దగ్గర తెలుస్తుంది. ఇంట్లో బల్ల మీద రెండు పట్టా ముక్కలు కలిసేచోట అర మిల్లీమీటరు ఎత్తు తేడా ఉండటం మామూలే, కంటికి ఆనదు కూడా. దాన్ని 87తో గుణించండి. అసలు రైలుకు నాలుగు సెంటీమీటర్లకు పైగా మెట్టు! ఏ లోకో పైలటూ అలాంటి పట్టా మీద బండి పోనివ్వడు. అసలు పెట్టెకు కింద స్ప్రింగులున్నాయి, మన బొమ్మ పెట్టెకు చాలాసార్లు లేవు. ఆ మెట్టు ఎక్కి దిగేటప్పుడు చక్రం గాల్లోకి లేవకుండా పట్టాకు అదిమిపెట్టేది బరువొక్కటే.

బరువు ఒకేచోట పోగుపడినా ముప్పే. మలుపులో ఇంజన్ ముందుకు లాగుతుంటుంది, వెనక బరువైన పెట్టెలు వెనక్కి లాగుతుంటాయి. మధ్యలో ఒక తేలిక పెట్టె ఉందనుకోండి, అది మలుపు లోపలివైపుకు ఒరిగి పడుతుంది. కొత్తవాళ్ళు పడిపోయిన పెట్టె చక్రాలను అనుమానిస్తారు. చూడాల్సింది దాని తూకం, దాని పక్కవాటి తూకం. వంటింటి డిజిటల్ కాటా మీద ప్రతి పెట్టెనూ తూచి సరిచేయనిదే వేరే మార్పులేవీ మొదలుపెట్టకూడదని నా పట్టుదల.

బరువు కోసం కార్ల చక్రాలకు వీల్ బ్యాలెన్సింగ్ చేసేచోట అంటించే బిళ్ళలు వాడుకోవచ్చు. అయిదు గ్రాములవి, పది గ్రాములవి ఉంటాయి, వెనక జిగురు టేపు కూడా వాటికే ఉంటుంది. ఆటో స్పేర్ల దుకాణాల్లో అడగండి. వాటిని పెట్టె నేలకు అంటించాలి గాని కప్పుకు కాదు. బరువు ఎంత కిందికుంటే పెట్టె అంత నిలకడగా ఉంటుంది. సీసపు బిళ్ళలైతే పని కాగానే చేతులు కడుక్కోండి, పిల్లల చేతికి ఇవ్వకండి.

ఇంజన్ సంగతి వేరు. నునుపైన లోహపు చక్రం నునుపైన పట్టా మీద తన బరువులో సుమారు నాలుగో వంతు బలంతోనే లాగగలదు. అంతకు మించితే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. 171 గ్రాముల ఇంజన్‌కు దక్కే లాగుడు నలభై గ్రాములు చిల్లర. అందుకే తయారీదార్లు ఇంజన్ లోపల సందు కనిపించినచోటల్లా లోహం కూరుతారు. కొందరు చక్రాలకు రబ్బరు రింగులు తొడుగుతారు. పట్టు పెరుగుతుంది నిజమే, కాని బొమ్మ రైలుకు కరెంటు అందేది కూడా చక్రాల ద్వారానే. రబ్బరు వేసిన చక్రం కరెంటు తీసుకోలేదు. ఎన్ని చక్రాలకు రబ్బరు వేస్తే అన్నిచోట్ల దీపం మిణుకుమంటుంది, ఇంజన్ తడబడుతుంది. నన్నడిగితే రబ్బరు తీసేసి బరువు పెంచడమే మేలు.

మలుపు దగ్గర బేరం

నిజాం కాలంలో, 1874లో, సికింద్రాబాద్ నుంచి వాడికి వేసిన లైను బ్రాడ్‌గేజ్. రెండు పట్టాల నడుమ దూరం 1,676 మిల్లీమీటర్లు. దీన్ని హెచ్‌ఓ కొలతకు తెస్తే 19.3 మిల్లీమీటర్లు రావాలి. కాని దుకాణాల్లో అమ్మే హెచ్‌ఓ పట్టా 16.5 మిల్లీమీటర్లే. అది యూరప్, అమెరికా రైళ్ళ కొలత, మనది కాదు. అంటే మన బండి ఒళ్ళు సరిగ్గా ఉండి, కాళ్ళు దగ్గరికి పెట్టుకుని నిలబడుతుంది. పట్టాలను సొంతంగా చేత్తో వేసుకునే మొండివాళ్ళున్నారు. మిగతావాళ్ళు ఈ రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు అబద్ధాన్ని మింగి ఊరుకుంటారు, పక్కనుంచి చూస్తే అది ఎలాగూ కనిపించదు. తమాషా ఏమిటంటే ఒకప్పుడు కాచిగూడ మీదుగా గోదావరి లోయకు వెళ్ళిన మీటర్‌గేజ్ బండి చేయాలనుకునేవాళ్ళకు ఈ చిక్కు లేదు. మీటరును 87తో భాగిస్తే పదకొండున్నర మిల్లీమీటర్లు. స్విస్ కొండ రైళ్ళ కోసం అమ్మే 12 మిల్లీమీటర్ల పట్టా దానికి సరిపోయినట్టే.

గేజ్ కంటే పెద్ద బేరం మలుపు దగ్గర జరుగుతుంది. మన బ్రాడ్‌గేజ్‌లో అనుమతించే అతి బిగువైన మలుపు వ్యాసార్ధం 175 మీటర్లు. హెచ్‌ఓ కొలతలో రెండు మీటర్లు. ఒక పూర్తి చుట్టు తిరగాలంటే నాలుగు మీటర్ల వెడల్పు గది కావాలి, అదీ గోడలకు ఆనించి, మనిషి నిలబడే చోటు లేకుండా. గౌలిగూడ గల్లీల్లో అంత గదిని బొమ్మ రైలుకిచ్చే ఇల్లు నాకు తెలియదు. అందుకే సెట్టుతో వచ్చే మలుపు పట్టాల వ్యాసార్ధం సుమారు 46 సెంటీమీటర్లు. అసలు కొలతకు పెంచితే నలభై మీటర్లు. ఆ మలుపులో రాజధాని కాదు, ఒంటరి ఐసీఎఫ్ పెట్టె కూడా తిరగదు.

బొమ్మ పెట్టెను తిప్పాలంటే ఏం జరుగుతుందో చూడండి. పెట్టె రెండు చివర్లలోని చక్రాల చట్రాలు పట్టా మీదే ఉంటాయి. నడుమ భాగం మాత్రం మలుపును అడ్డంగా కోస్తూ లోపలికి పొడుచుకొస్తుంది. రెండు మీటర్ల మలుపులో ఆ పొడుచుకు రావడం రెండు మిల్లీమీటర్ల లోపే. 46 సెంటీమీటర్ల మలుపులో ఎనిమిది మిల్లీమీటర్లు! పక్క లైనులో ఇంకో బండి వస్తే రెండూ రాసుకుంటాయి, ప్లాట్‌ఫారం ఉంటే అంచు కొట్టుకుంటుంది. చట్రం అంతగా తిరగాలంటే మెట్లు అడ్డొస్తాయి, వాటిని కోయాలి. బఫర్లు ఒకదానికొకటి చిక్కుకుంటాయి, వాటిని లోపలికి నెట్టాలి. కప్లింగును పెట్టెకు బిగించే బదులు చక్రాల చట్రానికే తగిలిస్తే మలుపుతో పాటు అదీ తిరుగుతుంది, కాని పెట్టెల మధ్య ఖాళీ వికారంగా పెరుగుతుంది.

పాత తయారీదార్లు కనిపెట్టిన ఇంకో ఉపాయం పెట్టెను కురచ చేయడం. ఎత్తు, వెడల్పు 87వ వంతే ఉంచి, పొడవు మాత్రం నూరోవంతుకు తగ్గించడం. ఇంట్లో చేసేవాళ్ళు నడుమ నుంచి రెండు కిటికీల మేర రంపంతో కోసేసి, రెండు ముక్కలు అతుకుతారు. ఏ రెండు కిటికీలు తీయాలన్నదే ఇక్కడ నేర్పు. తలుపు దగ్గరవి తీస్తే వెంటనే తెలిసిపోతుంది. మధ్యలోవి తీస్తే కళ్ళు లెక్కపెట్టవు. ఒకే రకం వస్తువులు పది వరసగా ఉంటే మనిషి చూపు వాటిని ‘చాలా కిటికీలు’ అని గుర్తుపెట్టుకుంటుంది గాని ‘పది’ అని కాదు. కొలబద్దను మోసం చేయలేం, కంటిని చేయగలం.

చక్రం అంచులోనూ ఒక అబద్ధముంది. అసలు రైలు చక్రం పైకి గుండ్రంగా కనిపించినా లోపలి నుంచి బయటికి ఇరవైకి ఒకటి చొప్పున సన్నబడుతూ వాలుగా ఉంటుంది. మలుపులో బయటి చక్రం లావు భాగం మీదా, లోపలి చక్రం సన్న భాగం మీదా దొర్లి బండి దానంతటదే తిరుగుతుంది. చక్రం లోపలివైపు ఉండే గట్టు చివరి రక్షణే తప్ప రోజూ దారి చూపేది కాదు. బొమ్మ మలుపు ఎంత బిగువంటే ఆ వాలు సరిపోదు, గట్టే పట్టాను రాసుకుంటూ బండిని తిప్పాలి. కాబట్టి బొమ్మ చక్రాల గట్టును కొలతకు దాదాపు రెట్టింపు ఎత్తు చేస్తారు. మలుపులో వినిపించే కీచుమనే చప్పుడు దానిదే, ఇంజన్ నెమ్మదించడమూ దానివల్లే.

గడియారం ఒప్పుకోదు

ఇప్పుడు వేగం. గంటకు 110 కిలోమీటర్లు పోయే ఎక్స్‌ప్రెస్‌ను 87తో భాగిస్తే సెకనుకు 35 సెంటీమీటర్లు. బల్ల మీద మీటరు దూరంలో రెండు సుద్ద గీతలు గీసి, ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టండి. ఇంజన్ ఆ మీటరును మూడు సెకన్లకు కాస్త ముందు దాటితే అది పూర్తి వేగం. స్టేషన్లోకి గంటకు ముప్పై కిలోమీటర్లతో వచ్చే బండికైతే పది సెకన్లు పట్టాలి. నాబ్ పూర్తిగా తిప్పి సంబరపడే పిల్లలు ఆ మీటరును ఒక్క సెకనులో దాటిస్తారు. అసలు లెక్కలో గంటకు 313 కిలోమీటర్లు!

వేగం సరిచేసినా ఊగడం సరికాదు. దీనికి కారణం భూమి. రైలును చిన్నది చేశాం, దాన్ని కిందికి లాగే భూమ్యాకర్షణ అలాగే ఉంది. నాలుగు మీటర్ల ఎత్తున్న అసలు పెట్టె కప్పు మీదినుంచి గులకరాయి జారితే నేలకు చేరడానికి సుమారు 0.9 సెకను పడుతుంది. బొమ్మ పెట్టె కప్పు ఎత్తు 4.6 సెంటీమీటర్లు, అక్కడినుంచి సెకనులో పదోవంతుకే కింద పడుతుంది. పడటం, ఊగడం, ఎగరడం, ఒరగడం అన్నీ బొమ్మ ప్రపంచంలో తొమ్మిది రెట్లకు పైగా తొందరగా జరిగిపోతాయి. అసలు పెట్టె అతుకు మీద నింపాదిగా ఊగి సర్దుకుంటుంది. బొమ్మ పెట్టె గజగజ వణికి ఆగుతుంది. మన మెదడు లెక్క కట్టకపోయినా ఈ వణుకును చూసి వస్తువు సైజు పసిగడుతుంది.

సినిమావాళ్ళకు ఇది ఎప్పటినుంచో తెలుసు. ‘మాయాబజార్’ (1957) కోసం వాహినీ స్టూడియోలో ద్వారకా నగరాన్ని వందల చిన్న ఇళ్ళతో కట్టి, మార్కస్ బార్ట్‌లే కెమెరాతో నిజమైన ఊరనిపించారు. ఆ ఊరు కదలదు కాబట్టి సైజు బయటపడే వీల్లేదు. అదే కదిలే నమూనాను తీయాల్సివస్తే కెమెరాను ఎక్కువ వేగంతో తిప్పి, తెర మీద నెమ్మదిగా చూపిస్తారు. 87వ వంతు రైలుకు తొమ్మిది రెట్లకు కాస్త పైన నెమ్మది చేయాలి. ఫోనులో స్లో మోషన్ ఉన్నవాళ్ళు ఇప్పుడే చేసి చూడొచ్చు.

గదిలో కూర్చుని కళ్ళతో చూసేవాళ్ళకు స్లో మోషన్ లేదు. వాళ్ళకోసం ఉన్న మందు జోరుచక్రం, దుకాణంలో అడగాలంటే ఫ్లైవీల్. మోటారు ఇరుసుకు బిగించే చిన్న ఇత్తడి దిమ్మ అది. అసలు రైలు పరుగులో ఉండగా బ్రేకు వేస్తే కిలోమీటరు పోయాక గాని ఆగదు, ఎందుకంటే వేల టన్నుల కదలిక ఎక్కడికో పోవాలి. మన బొమ్మకు ఆ బరువు లేదు. కాని తిరిగే వస్తువులో దాగే శక్తి వేగంతో పాటు వర్గంలో పెరుగుతుంది: రెట్టింపు వేగంతో తిరిగితే నాలుగింతలు. ఇంజన్ చక్రాలు నెమ్మదిగా తిరుగుతుంటే లోపల మోటారు అంతకు పది, ఇరవై రెట్లు వేగంగా తిరుగుతుంది. కాబట్టి ఇత్తడి దిమ్మను చక్రానికి కాక మోటారుకే తగిలిస్తే పది గ్రాములు కూడా చాలా బరువున్నట్టు నటిస్తాయి. కరెంటు తీశాక బండి కొంత దూరం జారి ఆగుతుంది. పట్టా మీద దుమ్ము ఉన్నచోట కరెంటు క్షణం తెగినా తడబడదు.

దిమ్మను సరిగ్గా నడిమధ్యన తొలవాలి. వెంట్రుకవాసి పక్కకు పోయినా ఇంజన్ మొత్తం గుంయ్‌మంటూ అదురుతుంది. లేత్ ఉన్న పనివాడి చేత చేయించుకోవడమే తెలివైన పని.

ఒకే పట్టా మీద ఇద్దరు

చౌక సెట్లలోని మోటారు నాలుగు వోల్టుల దాకా కదలదు, కదిలితే దూకుతుంది. వోల్టేజీని తగ్గిస్తూ పోయే బదులు, పూర్తి పన్నెండు వోల్టులనూ చిన్న చిన్న తునకలుగా ఇస్తే ఈ జబ్బు చాలావరకు నయమవుతుంది. సెకనులో వేలసార్లు వేసి తీసేస్తారు. నెమ్మదిగా పోవాలంటే వేసి ఉంచే క్షణం తగ్గిస్తారు. ప్రతి తునకకూ మోటారును కదిలించే దమ్ము ఉంటుంది. తునకలు సెకనుకు ఇరవై వేలు దాటితే మోటారు చేసే జుమ్మనే శబ్దం మన చెవికి అందదు. గుజరాతీ గల్లీలో అడిగితే ఈ పనిచేసే చిన్న బోర్డు దొరుకుతుంది. దానికి ముందు మంచి అడాప్టర్ పెట్టుకోండి, 230 వోల్టుల జోలికి మాత్రం సొంతంగా పోవద్దు.

ఇది ఒక బండికి. రెండు బండ్లు ఒకే పట్టా మీదుంటే? పట్టాలో కరెంటు పెరిగితే రెండూ పరుగెడతాయి, తగ్గితే రెండూ ఆగుతాయి. ఒకప్పుడు పట్టాను ముక్కలు ముక్కలుగా విడదీసి, ముక్కకొక స్విచ్చు పెట్టి, తీగల అడవి పెంచేవారు. అమెరికాలోని ఎంఐటీలో 1946లో మొదలైన టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్‌లో కొందరు విద్యార్థులు బల్ల పైన కొండలకు, ఇళ్ళకు రంగులేస్తుంటే, మరికొందరు బల్ల కింద పడుకుని పాత టెలిఫోను ఎక్స్ఛేంజీ సామాన్లతో స్విచ్చుల వ్యవస్థ కట్టారు. ఆ రెండో బృందంలోని కుర్రాళ్ళే 1950ల చివర్లో కంప్యూటర్ల గదిలోకి దూరి, అక్కడా అదే పని మొదలుపెట్టారు.

ఇప్పుడు తీగల అడవి అక్కర్లేదు. పట్టాలో ఎప్పుడూ పూర్తి కరెంటు ఉంటుంది, దాంతోపాటే సందేశం కూడా పోతుంది. సిటీ బస్సులో కండక్టరు ‘పుత్లీబౌలి, పుత్లీబౌలి’ అని కేకేస్తే అందరూ వింటారు, దిగాల్సినవాళ్ళే లేస్తారు. ఇక్కడా అంతే. ‘మూడో నంబరు ఇంజన్, వేగం సగం’ అన్న సందేశం పట్టా మీదున్న అన్ని ఇంజన్లకూ చేరుతుంది. ప్రతి ఇంజన్ లోపలా ఒక చిన్న చిప్పు విని, తన నంబరు కాకపోతే ఊరుకుంటుంది. దీన్నే డీసీసీ అంటారు. సందేశంలో అక్షరాలు రెండే, పొట్టి, పొడుగు. కరెంటు దిశ 58 మైక్రోసెకన్లకు మారితే పొట్టి, 100 మైక్రోసెకన్లు ఆగి మారితే పొడుగు. వాటి వరసే నంబరు, వేగం, దీపం, హారన్ అన్నీ అవుతుంది. జర్మనీకి చెందిన లెంజ్ కంపెనీ పద్ధతి ఆధారంగా 1990లలో దీన్ని అందరికీ ఉమ్మడి ప్రమాణం చేశారు. ఇవాళ ఆర్డుయినో బోర్డు ఉన్న ఇంజినీరింగ్ కుర్రాడెవరైనా ఇంట్లో ఇది కట్టుకోగలడు.

అయితే అయిదడుగుల పట్టా మీద ఒక్క బండి నడిపేవాళ్ళకు ఇదంతా ఎందుకో నాకు అర్థం కాదు.

జిగురు, రంగు

కిట్లలో వచ్చే పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను అంటించే ద్రావకం నిజానికి జిగురు కాదు. అది రెండు అంచులనూ కరిగిస్తుంది, ఆవిరయ్యాక రెండూ ఒకే ముక్కగా గట్టిపడతాయి. అందుకే పెట్టె నడుమ వేసిన అతుకు తర్వాత మిగతా గోడ అంత బలంగా ఉంటుంది. కిటికీలు తెరిచి పెట్టుకోండి, ఆ ఆవిరి మంచిది కాదు. ఫెవిక్విక్ దారి వేరు. అది గట్టిపడటానికి గాలిలోని తేమ కావాలి. మే నెల ఎండల్లో బద్ధకిస్తుంది, వానాకాలంలో వేళ్ళు కూడా అతుక్కుపోతాయి. దాని ఆవిరి కిటికీ అద్దాల మీద తెల్లగా పేరుకుంటుంది కనక అద్దాలకు మామూలు ఫెవికాల్ చుక్క చాలు, ఎండితే కనిపించదు.

రంగు డబ్బా మీద ‘అచ్చమైన రైల్వే రంగు’ అని రాసి ఉన్నా నేరుగా వేయకండి. మనం అసలు పెట్టెను పదుల మీటర్ల దూరం నుంచి, నడుమ దుమ్మూ వెలుతురూ నిండిన గాలిలోంచి చూస్తాం. బొమ్మకూ మనకూ మధ్య ఉండేది మూరెడు గాలే. కొద్దిగా తెలుపు కలిపి, మెరుపు చంపితేనే అది దూరాన ఉన్నట్టు అనిపిస్తుంది.

అల్మారా మీద నాంపల్లి

గుండ్రటి పట్టా మానేస్తే సగం చిక్కులు పోతాయి. దానికి తగిన స్టేషను ఊళ్ళోనే ఉంది. 1907లో కట్టిన నాంపల్లి స్టేషనులో పట్టాలు ముగుస్తాయి. వచ్చిన బండి వచ్చిన దారినే వెళ్ళాలి. అంటే గోడ పొడవునా అడుగు వెడల్పు చెక్క వేస్తే ఒక చివర స్టేషను, ఇంకో చివర వంతెన చాటున బండ్లు దాగే చోటు. ఇంగ్లండులో సిరిల్ ఫ్రీజర్ 1957లో ‘మినరీస్’ పేరుతో ఇలాంటి చిన్న నగర స్టేషను నక్షా గీశాడు. ఏడడుగుల లోపు పట్టే ఆ నక్షాను నేటికీ జనం మార్చి మార్చి కట్టుకుంటూనే ఉన్నారు.

ఏ బండి నడపాలన్నది తర్వాతి ప్రశ్న. ఇరవైకి పైగా కొత్తరకం ఎల్‌హెచ్‌బీ పెట్టెలుండే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ హెచ్‌ఓ కొలతలో ఇంజన్‌తో కలిపి ఆరు మీటర్లు దాటుతుంది. గది దాటి వసారాలోకి పోతుంది. అయిదు పెట్టెలకు కోస్తే మీటరున్నర చిల్లర, కాని అయిదు పెట్టెల తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌ను చూసి రోజూ ఎక్కేవాళ్ళు నవ్వుతారు. పైగా లోపలికి వచ్చిన ఇంజన్ బండికీ డెడ్ ఎండుకూ మధ్య చిక్కుకుంటుంది, దాన్ని విడిపించడానికి ఇంకో ఇంజన్ కావాలి. నా ఓటు 2003లో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైలుకు. తొమ్మిది పెట్టెల బండి కూడా రెండుంపావు మీటర్లలో ముగుస్తుంది. ఆరు పెట్టెలకు తగ్గించినా ఎవరూ తప్పు పట్టరు. రెండు చివర్లా డ్రైవరు క్యాబ్ ఉంటుంది కనక ఇంజన్ మార్చే తంటా లేదు.

చివరి స్టేషను అనగానే చివర ఆగడం అనే సమస్య వస్తుంది. అసలు స్టేషనుకూ అది తప్పలేదు. 2024 జనవరి 10న చెన్నై నుంచి వచ్చిన చార్మినార్ ఎక్స్‌ప్రెస్ నాంపల్లిలో ఆగాల్సిన చోట ఆగక డెడ్ ఎండును ఢీకొని, పెట్టెలు పట్టాలు తప్పి, కొందరు గాయపడ్డారు. నెమ్మదిగా వస్తున్న బండి అయినా అంత బరువులోని కదలిక ఊరికే పోదు.

బల్ల మీది నాంపల్లికి ఒక డయోడ్ చాలు. 1ఎన్4007 అని అడిగితే గుజరాతీ గల్లీలో చిల్లర డబ్బులకు ఇస్తారు. డయోడ్ కరెంటును ఒకవైపే పోనిస్తుంది. డెడ్ ఎండుకు ముందు ఒక పట్టాను కోసి, ఆ సందులో ప్లాస్టిక్ జాయినర్ పెట్టి, సందుకు అటూ ఇటూ డయోడ్ కాళ్ళు సోల్డర్ చేయండి. బండి లోపలికి వచ్చేటప్పుడు కరెంటు దిశను డయోడ్ అడ్డుకుంటుంది. కరెంటు తీసుకునే చక్రాలు సందు దాటగానే బండి ఆగిపోతుంది, నాబ్ మీద చెయ్యి ఉన్నా లేకపోయినా. వెనక్కి పంపాలని దిశ మారిస్తే అదే డయోడ్ కరెంటును వదులుతుంది, బండి బయటికి నడుస్తుంది. మామూలు కంట్రోలర్‌తోనే ఇది పనిచేస్తుంది. డీసీసీకి వేరే ఏర్పాటు కావాలి. బండి లోపలికి వచ్చేటప్పుడు ఆగక బయటికి వెళ్ళేటప్పుడు మొరాయిస్తే డయోడ్‌ను తిప్పి అతకడమే.

సందు ఎక్కడ కోయాలన్నది మాత్రం కాగితం మీద తేలదు. ఎంఎంటీఎస్‌లో మోటారు ముందు పెట్టెలో కాక మూడో పెట్టెలో ఉంటే, ఆగాల్సిన చోటుకు ముందు రెండు పెట్టెల పొడవును కలుపుకోవాలి. ఫ్లైవీల్ పెట్టి ఉంటే కరెంటు పోయాక కూడా బండి జారుతుంది. కాబట్టి రంపం పట్టుకునే ముందు ఫ్లైవీల్ బిగించి, బరువులన్నీ పెట్టేసి, మీటరుకు పది సెకన్ల వేగంతో బండిని స్టేషన్లోకి రానిచ్చి, ఒక గుర్తు దగ్గర కరెంటు తీసేయండి. మోటారు పెట్టె ఆ గుర్తు దాటి ఎంత దూరం జారిందో టేపుతో కొలవండి. పట్టా తుడిచిన రోజు ఒకసారి, దుమ్ము పట్టిన రోజు ఒకసారి కొలిచి, ఎక్కువ వచ్చినదాన్ని తీసుకుని, దానికి ఇంకో రెండు అంగుళాలు కలిపి, మోటారు పెట్టె ఆగాల్సిన చోటుకు అంత ముందుగా సందు కోయండి.